పాలెం వాటా

పోయిన వారం మనం రామతులసిని బందరు బస్సు ఎక్కించి వదిలేశాం. ఒళ్ళో ఒక ఫైలు, సంచిలో నీళ్ళ సీసా, ఫోన్లో గైడ్ హేమసుందర్ గారి మెసేజ్. "ఆ పద్దెనిమిది మందీ మధ్యలో మానేశారని రాసెయ్యమ్మా. సోమవారంలోగా కావాలి." ఆమె దానికి జవాబివ్వలేదు.

కథలోకి ఇవాళే వచ్చినవాళ్ళకి సంగతి ఇది. రామతులసికి నలభై ఒకటి. ఉయ్యూరులో పన్నెండేళ్ళు పళ్ళ క్లినిక్ నడిపింది. దాన్ని మూసి, చిగుళ్ళ వైద్యంలో పై చదువు కోసం విజయవాడలో ఒక డెంటల్ కాలేజీలో చేరింది. ఇది మూడో ఏడు, ఆఖరి ఏడు. థీసిస్ ఇస్తేనే డిగ్రీ వస్తుంది.

థీసిస్ నిమ్మగడ్డి నూనె గెల్ మీద. చిగుళ్ళ జబ్బు ఉన్న అరవై మందిని తీసుకుంది. అందరికీ ముందు చిగుళ్ళ లోపలిదాకా గార తీసింది. అసలు వైద్యం అదే. దాని మీద అదనంగా ఈ గెల్ రాస్తే ఇంకేమైనా మేలు ఉంటుందా అన్నదే ప్రశ్న. ముప్పై మందికి నూనె కలిపిన గెల్, ముప్పై మందికి నూనె లేని గెల్. ట్యూబులు వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లో కొన్నవి, అన్నీ ఒకటే రకం. వాసన పట్టుబడకుండా రెంటిలోనూ పుదీనా కలిపారు. కొన్నిటి మీద ఏ అని, కొన్నిటి మీద బీ అని ఉంటుంది. ఎవరికి ఏది అన్నది చీటీ తీసి తేల్చారు. ఏది నూనెదో రాసిన కాగితం సీలు వేసిన కవరులో ఉంది. రోగులకే కాదు, రామతులసికీ తెలియకూడదు. మూడు నెలలు, నెలకో ట్యూబు. ఖాళీ ట్యూబు తిరిగి ఇస్తే కొత్తది ఇస్తారు.

మూడు నెలల తర్వాత పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో కొలిచింది. విజయవాడ వాళ్ళు నలభై రెండు మంది. వాళ్ళలో బీ ట్యూబు వాడినవాళ్ళకి సందు సగటున ఒకటి పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గింది. ఏ వాడినవాళ్ళకి ఒకటి పాయింట్ మూడు. తేడా కనపడుతోంది. మిగతా పద్దెనిమిది మంది బందరు అవతల మొగపాలెం వాళ్ళు, సముద్రం మీద బతికేవాళ్ళు. వాళ్ళలో తేడా లేదు. ఏ అయినా, బీ అయినా ఒకటి పాయింట్ ఏడే. వాళ్ళని కలిపితే మొత్తం లెక్కలో తేడా నిలబడలేదు. తీసేస్తే నిలబడుతుంది.

తీసెయ్యాలంటే కారణం ఉండాలి. వాళ్ళు రావడం మానేశారన్నది హేమసుందర్ గారు చెప్పిన కారణం. కానీ వాళ్ళు వచ్చారు. నాలుగు తడవలూ, పద్దెనిమిది మందీ, ఒకే బస్సులో వచ్చారు. విజయవాడ వాళ్ళు అలా రాలేదు. అందుకే ఆమె గురువారం పొద్దున సెలవు చీటీ రాసిచ్చి, వాళ్ళు ఏం చేశారో వాళ్ళనే అడుగుదామని బయల్దేరింది.

ఉయ్యూరు దగ్గర బస్సు చెరకు ట్రాక్టర్ల వెనక ఆగింది. చక్కెర ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి వచ్చింది. ఆమె క్లినిక్ ఉన్న షట్టర్ మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు బోర్డు ఉంది. చూసింది. ఏమీ అనిపించలేదు. ఏమైనా అనిపించాలంటే ముందు నాలుగు రోజులు నిద్రపోవాలి.

బందరులో దిగి షేర్ ఆటో ఎక్కి మొగపాలెం చేరేసరికి పదకొండున్నర. ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతున్నారు. అంకాలమ్మ ముందు చూసింది. యాభై అయిదు దాటిన మనిషి. చేపల బేరం ఆవిడది. ఆ పద్దెనిమిది మందినీ బస్సెక్కించి తెచ్చేదీ, దింపుకుని పోయేదీ ఆవిడే.

"అదిగో, మన పళ్ళ డాక్టరమ్మగారు! ఏమ్మా, చెప్పకుండా వచ్చారేంటి? ఏవయ్యోయ్, కుర్చీ తీసుకురా."

ఆవిడ భర్త పేరయ్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వేసి, ఎదురుగా గొంతుక్కూర్చుని నోరు తెరిచాడు. రామతులసిని చూస్తే పాలెంలో అందరూ నోరు తెరుస్తారు. అలవాటైపోయింది.

ఆమె వంగి చూసింది. మొదటిసారి చూసినప్పుడు ఆ చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం కారేది. ఇప్పుడు గట్టిపడ్డాయి.

"బాగున్నాయి పేరయ్య గారూ. పిడకల కచ్చికతో తోమడం మానేశారా?"

"మానేశానండీ. మొన్న జామకాయ కొరికానండీ."

"పాలెమంతా తిరిగి చూపించుకుంటా కొరికాడు," అంది అంకాలమ్మ. "సగం కాయ మూడు గంటలు తిన్నాడు."

రామతులసి ఫైలు తెరవలేదు. తెరిస్తే మనుషులు జాగ్రత్తగా మాట్లాడతారని ఆమెకి తెలుసు. "గెల్ ఎలా రాసుకునేవాళ్ళో ఒకసారి చూపిస్తారా?" అంది.

"మీరు చెప్పినట్టే. పొద్దునా, రాత్రీ. ఉండండి తెస్తా."

అంకాలమ్మ లోపలికి వెళ్ళి వచ్చింది. ఆమె చేతిలో ట్యూబు లేదు. చిటికెన వేలంత బామ్ సీసా ఉంది. లేబుల్ గీకేసి, కడిగిన సీసా. అడుగున కొంచెం గెల్ అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"నా వాటా."

రామతులసి సీసా తీసుకుంది. మూత తీసి వాసన చూసింది. పుదీనా వాసన వచ్చింది. మూత పెట్టింది. ఏం జరిగిందో ఆమెకి అప్పుడే సగం అర్థమైంది. అయినా వాళ్ళ నోటితో వినాలి.

"వాటా ఏంటి అంకాలమ్మ గారూ?"

"మొదటి రోజే తగువొచ్చిందమ్మా. నా ట్యూబు రాసుకుంటే నోరు మండుద్ది. ఈయనది మండదు."

"దాని నోటికి మంట కొత్తేంటండీ?" అన్నాడు పేరయ్య.

"నువ్వు ఊరుకో. నా దాని మీద బీ అని ఉంది, ఈయన దాని మీద ఏ అని ఉంది. సాయంత్రానికి పాలెంలో అందరివీ చూశాం. బీ ఉన్నోళ్ళందరికీ మంట, ఏ ఉన్నోళ్ళకి చల్లగా ఉంది. మండేదే మందని మాకు తెలీదా? ఏ వచ్చినోళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. రత్తయ్యయితే ట్యూబు కాలవలో పారేసి వస్తానని లేచాడు. ఇంక పెద్దోళ్ళు కూర్చున్నారు."

"కూర్చుని?"

"ఏముంది, చేపలు పంచుకోవట్లేదా? పద్దెనిమిది ట్యూబులూ పెద్ద స్టీలు గిన్నెలోకి పిండేశాం. గరిటెతో బాగా తిప్పాం. బామ్ సీసాలు ఉడకబెట్టి ఆరబెట్టాం, ఆ శుభ్రం మీరు చెప్పిందే. చెంచాతో కొలిచి పోశాం. ఒకళ్ళకి ఎక్కువ లేదు, ఒకళ్ళకి తక్కువ లేదు."

"మూడు నెలలూ?"

"మూడు నెలలూ. కొత్త ట్యూబులు తెచ్చిన రోజునే."

మొగపాలెం నుంచి తిరిగొచ్చిన ఖాళీ ట్యూబులు రామతులసికి గుర్తొచ్చాయి. కింద నుంచి చుట్టచుట్టి, చివరి బొట్టు దాకా పిండినవి. విజయవాడ వాళ్ళు సగం గెల్ ఉండగానే తెచ్చేవాళ్ళు. ఆమె పాలెం ట్యూబులు ట్రేలో పెట్టి హేమసుందర్ గారికి చూపించింది. "చూడండి సర్, వాడటమంటే ఇదీ," అంది. రిజిస్టర్లో ఆ పద్దెనిమిది పేర్లకీ ఎదురుగా వాడకం నూటికి నూరు అని రాసింది. అబద్ధం కాదు.

"ఎవరి ట్యూబు వాళ్ళే వాడాలని చెప్పాను కదమ్మా," అంది. కోపంగా అనలేదు. అంత ఓపిక లేదు.

"చెప్పారు. చీటీ సంగతి కూడా మీరే చెప్పారు."

"ఏం చెప్పాను?"

"బందరులో మీరు పెట్టిన పళ్ళ క్యాంపులో. ఎవరికి ఏ మందో ఎట్టా తేలుస్తారని రత్తయ్య అడిగితే, మీ పాలెంలో ఏ పడవ ఎక్కడ వల వెయ్యాలో చీటీ తీస్తారట కదా, ఇదీ అంతేనన్నారు."

అన్న మాట నిజమే. రామతులసికి బాగా గుర్తుంది. ఆ రోజు పొద్దున్నుంచీ ఇంగ్లిషు అంగీకార పత్రంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పి చెప్పి గొంతు పోయింది. ఇంకా పదకొండు మంది ఉన్నారు. పాలెంలో చీట్లు తీస్తారని అంతకు ముందే ఎవరో చెప్పగా విని, ఆ మాట వాడింది. అందరూ ఒకేసారి తలూపారు. పది నిమిషాల్లో సంతకాలూ వేలిముద్రలూ అయిపోయాయి. ఆ సాయంత్రం తిరిగి వెళ్తూ, బాగా చెప్పానని అనుకుంది.

"చీటీలో మంచి చోటు వచ్చినోడు పడిన చేపంతా ఇంటికి పట్టుకుపోతాడా అమ్మా?" అంది అంకాలమ్మ. "చీటీ వల ఎయ్యటం వరకే. ఒడ్డుకొచ్చాక అందరికీ వాటా. పడవకి వాటా, వలకి వాటా, మనిషికి వాటా. మీరు అది తెలిసే చెప్పారనుకున్నాం."

"తెలీదు," అంది రామతులసి. "చీటీ దాకే తెలుసు."

ఆమె నోట్‌బుక్ తీసి రాసుకుంది. మూడు సార్లు కలిపారు. తొమ్మిది ఏ ట్యూబులు, తొమ్మిది బీ ట్యూబులు. అంటే నూనె ఉన్న గెల్ ఏదైనా సరే, వీళ్ళకి అందులో నూనె సగం పాళ్ళే. అయినా సందు ఒకటి పాయింట్ ఏడు తగ్గింది. సగం నూనె సరిపోతుందా? వేళ తప్పకుండా రాసుకోబట్టి తగ్గిందా? కచ్చిక మానబట్టి తగ్గిందా? తెలియదు. తెలియాలంటే ఇంకో అరవై మంది కావాలి, ఇంకో ఏడాది కావాలి.

తన పని మాత్రం తేలింది. మందు కలిసిపోయిందని ఉన్నదున్నట్టు రాస్తుంది. తన ఉదాహరణ వల్లే కలిసిందని రాస్తుంది. పద్దెనిమిది మందిని కొత్తగా తీసుకుంటుంది. ఇంకో ఆరు నెలలు. ఫరవాలేదనుకుంది. అలా అనుకోవడానికి కూడా కాసేపు కుర్చీలో కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది.

"మిగతా సీసాలు ఉన్నాయా?"

"అన్నీ దాచమన్నారు కదా మీరు." అంకాలమ్మ పళ్ళెంలో పెట్టి తెచ్చింది. రామతులసి తన చేతిలోది కూడా అందులో పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పందొమ్మిది ఉన్నాయేంటి?"

"అవును."

"మీరు పద్దెనిమిది మంది."

"గంగాదేవిని మర్చిపోయారా? మా మరిది కూతురు. మొదటిసారి మాతో వచ్చిందిగా. మీరే వద్దని పంపించేశారు."

రామతులసి పెన్ను మూత పెట్టింది. గంగాదేవి. ఇరవై రెండేళ్ళు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వచ్చింది. రెండో నెల అని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళని ఈ పరీక్షలోకి తీసుకోకూడదు. పుట్టబోయే బిడ్డకి ఈ నూనె ఏం చేస్తుందో, చెయ్యదో ఎవరూ చూడలేదు కాబట్టి. కాన్పయ్యాక రా తల్లీ అని గార మాత్రం పైపైన తీసి పంపించింది.

"ఆవిడకి ఎందుకు ఇచ్చారు?"

"వేటకి బయల్దేరి, మధ్యలో జ్వరమొచ్చి ఒడ్డుకి తిరిగొచ్చినోడికి వాటా మానేస్తామా అమ్మా? బస్సెక్కింది. అంత దూరం వచ్చింది. వాటా ఉంటది."

పేరయ్య వెళ్ళి గంగాదేవిని పిలుచుకొచ్చాడు. ఆరో నెల. వస్తూనే నోరు తెరిచింది.

"ఇప్పుడు రక్తం రావట్లేదు మేడమ్."

"కూర్చో గంగా. కింద నుంచి రక్తం గానీ, నొప్పి గానీ ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదండీ."

"బిడ్డ కదులుతోందా?"

"తెల్లారగట్ల నిద్రపోనివ్వట్లేదండీ. నర్సమ్మగారు స్కానింగ్ బాగుందన్నారు." ఆ పిల్ల అంకాలమ్మ వంక చూసింది. "రాసుకోకూడదాండీ?"

"ఇవాళ్టితో ఆపెయ్. నేను మీ నర్సమ్మతో మాట్లాడతాను. భయపడకు."

చిగుళ్ళకి రాసే గెల్ చాలా కొంచెం. ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాలేదని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. ఇలాంటిది తెలిసిన ఇరవై నాలుగు గంటల్లో కాలేజీ ఎథిక్స్ కమిటీకి రాసి ఇవ్వాలన్నది నియమం. అప్పుడు వాళ్ళు బిడ్డ పుట్టేదాకా గంగాదేవిని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు చేస్తారు. పద్దెనిమిది మంది మానేశారని రాస్తే వాళ్ళ ట్యూబులు ఏమయ్యాయని ఎవరూ అడగరు. ట్యూబుల సంగతి రాకపోతే గిన్నె లేదు, గిన్నె లేకపోతే పందొమ్మిదో సీసా లేదు. గంగాదేవి ఏ కాగితం మీదా ఉండదు.

ఆమె అక్కడే నిలబడి హేమసుందర్ గారికి ఫోన్ చేసింది. గిన్నె సంగతి చెప్పింది. ఆయన ఆసాంతం విన్నారు.

"ఇంకేం మరి. తీసెయ్యడానికి కారణం దొరికిందిగా."

"అలాగే రాస్తాను సర్, కలిపేశారని. కొత్తగా పద్దెనిమిది మందిని తీసుకుందాం. ఇంకో సంగతి ఉంది. ఒక గర్భిణికి కూడా వాటా ఇచ్చారు."

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది.

"ఎన్నో నెల?"

"ఆరు."

"బాగుందా?"

"ఇప్పటికి బాగానే ఉంది."

"దేవుడు చల్లగా చూశాడు. వదిలెయ్యమ్మా. ఆ అమ్మాయి మన ట్రయల్‌లో లేదు కదా."

"అదే సర్ నేను చెప్పేది. ఎక్కడా లేదు."

"తులసీ, వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. నా కింద ఆఖరి థీసిస్ నీది. నేను పోయాక కొత్త గైడ్‌తో నువ్వు మళ్ళీ మొదలుపెట్టాలి. నీ వయసుకి అది నీవల్ల కాదు. సోమవారం దాకా నువ్వు తేల్చవని నాకు తెలుసు. అందుకే నిన్న సాయంత్రమే పంపించేశాను."

"ఏం పంపించారు సర్?"

"పద్దెనిమిది మందీ మానేశారని. యూనివర్సిటీకి, కమిటీకి."

"వీళ్ళు మానేశారనా? నేను సంతకం పెట్టలేదు."

"పెట్టావమ్మా. మొదటి ఏడాదిలో."

డిపార్ట్‌మెంట్‌లో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలో ఒక డజను ఖాళీ లెటర్‌హెడ్‌ల కింద సంతకాలు పెట్టి ఇవ్వాలి. సెలవులో ఉన్నప్పుడు పని ఆగకుండా ఉండటానికని చెబుతారు. తన ముందువాళ్ళు పెట్టారు. తనూ కౌంటర్ దగ్గర నిలబడి పన్నెండు పెట్టింది. ఎందుకని అడగలేదు. క్లినిక్‌లో ఏ రోగినీ చదవని కాగితం మీద సంతకం పెట్టనిచ్చేది కాదు.

"నీ మేలు కోరే చేశాను," అన్నారు హేమసుందర్ గారు. ఆయన గొంతులో దబాయింపు లేదు. ఆయనా అలసిపోయి ఉన్నారు. ఆమె ఫోన్ పెట్టేసింది.

అవతలి మాటలు అంకాలమ్మకి వినపడలేదు. ఇవతలివి చాలు.

"మేం మానేశామని రాశారా అమ్మా?"

"రాశారు."

"ఎవరు?"

"కింద సంతకం నాదే."

అంకాలమ్మ లేచింది. లోపలికి వెళ్ళి పాలిథిన్ కవరు తెచ్చి ఫైలు మీద పెట్టింది. అందులో బస్సు టిక్కెట్లు. వల దారంతో నాలుగు కట్టలుగా కట్టి ఉన్నాయి.

"నాలుగు తడవలు. ఆ నాలుగు రోజులూ మా పడవలు ఒడ్డునే ఉన్నాయి. చూసుకోండి."

రామతులసి టిక్కెట్లు లెక్కపెట్టలేదు. ఫైలు చివర కమిటీ ఫారం ఒకటి ఉంటుంది. మూడేళ్ళుగా ఖాళీగానే ఉంది. దాన్ని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. గంగాదేవి పేరు, వయసు, నెల. గెల్ ఎన్నాళ్ళు రాసుకుంది. ఎలా అందింది. పద్దెనిమిది మంది పేర్లు. వాళ్ళు వచ్చిన తేదీలు. కారణం అన్న గడిలో, చీటీ గురించి నేను ఇచ్చిన ఉదాహరణ తప్పు అని రాసింది. నిన్న వచ్చిన కాగితం తను రాసింది కాదనీ, అది మొదటి ఏడాది ఖాళీ లెటర్‌హెడ్ మీద పెట్టిన సంతకమనీ అడుగున రాసింది. అరగంట పట్టింది. పాలెం వాళ్ళు చుట్టూ చేరి చూస్తున్నారు.

"మళ్ళీ చీటీ తీస్తారాండీ?" అన్నాడు పేరయ్య.

"నువ్వు నోరు మూసుకో," అంది అంకాలమ్మ. "డాక్టరమ్మగారు చూడటం అయిపోయింది."

అన్ని గడులూ నిండాక, మొదటి నుంచి చివరిదాకా చదివాక, రామతులసి సంతకం పెట్టింది. ఫోటో తీసి కమిటీ కార్యదర్శి పద్మశ్రీ గారికి పంపింది. అప్పుడు టైము ఒంటిగంటా పది. ఇప్పుడు కమిటీ బల్ల మీద రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి వీళ్ళు రాలేదంటుంది, ఒకటి వచ్చారంటుంది. రెంటి కిందా ఒకటే సంతకం.

అంకాలమ్మ కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టి తెచ్చింది. "తినండి. మీ వాటా," అంది. కోపం పోయిందో లేదో ఆ మొహంలో తెలియలేదు. రామతులసి కంచం అందుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రెండో ముద్ద దగ్గర ఫోన్ మోగింది. హేమసుందర్ గారు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. మూడోసారి మోగలేదు. మెసేజ్ వచ్చింది. అది ఆయన పంపింది కాదు, పద్మశ్రీ గారిది.

"మీ రెండు కాగితాలూ నా ముందున్నాయి. రేపు పదింటికి కమిటీ గదికి రండి. మీ గైడ్‌ని తీసుకురావద్దు. ఆయనకిచ్చిన ఖాళీ కాగితాల సంతకంతో ఇలా ఇరుక్కున్నవాళ్ళలో మీరు మూడో మనిషి."